బాగుచేసే చేతులు

బైబిల్ చదివేవారు త్వరత్వరగా దాటేసే అధ్యాయాల్లో నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం ఒకటి. నోరు తిరగని పేర్లు, గుమ్మాల జాబితా తప్ప అందులో మనకు పనికొచ్చేదేమీ లేదనిపిస్తుంది. కానీ నిదానంగా చదివితే అది ఒక రిపేరు పనుల రిజిస్టరని అర్థమవుతుంది. కూలిపోయిన యెరూషలేము ప్రాకారంలో ఏ ముక్కను ఎవరు బాగుచేశారు, వారి పక్కన ఎవరు పనిచేశారు, తలుపులు ఎవరు నిలబెట్టారు, గడియలు ఎవరు బిగించారు అన్నది వరుసగా రాసి ఉంటుంది. 'బాగుచేశారు' అనే మాట ఆ ఒక్క అధ్యాయంలోనే ముప్పైకి పైగా సార్లు కనిపిస్తుంది. హెబ్రీ మూలంలో ఆ మాటకు 'బలపరచడం' అని కూడా అర్థం. ఉన్నదాన్ని పారేయకుండా, దానికి మళ్లీ బలమివ్వడమే బాగుచేయడం.

ఆ పనిచేసిన వారంతా తాపీమేస్త్రీలు కారు. బంగారు పనివారున్నారు, సుగంధ ద్రవ్యాలు తయారు చేసేవాడున్నాడు (3:8), యాజకులున్నారు, వర్తకులున్నారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి పనిచేశాడు (3:12). తెకోవ ఊరి పెద్దమనుషులు మాత్రం భుజం వంచలేదని కూడా అక్కడే రాసి ఉంది (3:5). మరో విషయం గమనించాలి. చాలామంది ఎక్కడో దూరాన ఉన్న గోడ దగ్గరికి వెళ్లలేదు. ఎవరింటికి ఎదురుగా ఉన్న గోడను వారు బాగుచేశారు (3:10, 23, 28, 29). మెషుల్లాముకు ఉన్నది ఒక్క గది. అతడు ఆ గదికి ఎదురుగా ఉన్న ముక్కనే బాగుచేశాడు (3:30). అలా 52 రోజుల్లో ప్రాకారమంతా పూర్తయింది (6:15).

మన ఇంట్లో కారుతున్న నల్లా, ఊగుతున్న కుర్చీ, నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాను, చైను జారుతున్న సైకిలు... ఇవన్నీ మన ఇంటికి ఎదురుగా ఉన్న గోడలే. వీటికీ ఆత్మీయ జీవితానికీ సంబంధమేమిటని కొందరు అనుకోవచ్చు. సంబంధం చాలానే ఉంది.

రిపేర్ల ఊరు

సికింద్రాబాద్ వాళ్లకు రిపేరు కొత్త విషయం కాదు. ఈ ఊరు పెరిగిందే ఆ పనితో. 1874లో ఇక్కడికి రైలు వచ్చింది. నిజాం రైల్వే కాలంలో, 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతాల సంఘాల్లో ఏ వరుసలో చూసినా ఒక ఫిట్టరో, వెల్డరో, వడ్రంగో, వాళ్ల పిల్లలో కనిపిస్తారు. 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ మొదలై, పనిముట్లు తయారుచేసే ఊరుగా కూడా సికింద్రాబాద్‌కు పేరు తెచ్చింది. రాణిగంజ్‌కు వెళితే బేరింగులు, ఆయిల్ సీళ్లు, పంపుల విడిభాగాలు, బోల్టులు, నట్లు దొరుకుతాయి. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళితే కంప్యూటర్ల విడిభాగాలు దొరుకుతాయి, వాటిని బాగుచేసేవారూ దొరుకుతారు.

రైల్వేలో పనిచేసినవారికి 'పీవోహెచ్' అనే మాట బాగా తెలుసు. నిర్ణీత కాలం గడిచాక ప్రతి బోగీ వర్క్‌షాపుకు రావలసిందే. అది నడుస్తూనే ఉండవచ్చు, ఎవరూ ఫిర్యాదు చేసి ఉండకపోవచ్చు. అయినా బోగీని ట్రాలీ పైనుంచి ఎత్తి, చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు అన్నీ విప్పి చూస్తారు. పాడయ్యాక బాగుచేయడం ఒక పద్ధతి. పాడవకముందే చూసుకోవడం మరో పద్ధతి. వేలమంది ప్రాణాలు ఆధారపడిన చోట ఈ రెండో పద్ధతే పాటిస్తారు. మన కుటుంబాల మీద ఆధారపడిన ప్రాణాలు ఎన్ని? మరి మన ఇంటిని ఏడాదికోసారైనా అలా విప్పి చూసుకుంటున్నామా?

ఒకప్పుడు మన వీధుల్లోకి కత్తులకు సాన పట్టేవారు, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవారు, చిల్లుపడిన బిందెకు మాటు వేసేవారు వచ్చేవారు. గొడుగు కమ్మీ విరిగితే బాగుచేసేవారు, చెప్పు తెగితే కుట్టించుకునేవారు. ఇప్పుడు 'రిపేరుకయ్యే డబ్బుకు ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది' అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. ఆ లెక్క కొన్నిసార్లు నిజమే. కానీ పారేసినవన్నీ ఎక్కడికి పోతున్నాయి? 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయిందని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. అందులో సరైన పద్ధతిలో సేకరించి తిరిగి వాడుకున్నట్టు లెక్కకు వచ్చింది నాలుగో వంతు కూడా లేదు. దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచి కాపాడడానికని ఆదికాండం 2వ అధ్యాయం చెబుతోంది. కాపాడవలసిన చేతులు పారేయడానికే అలవాటు పడితే ఆ బాధ్యత ఎవరు మోస్తారు?

కమ్మరి లేని దేశం

బాగుచేసే విద్య పోతే ఏమవుతుందో చూపించే సంఘటన ఒకటి సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చివరలో ఉంది. సౌలు కాలంలో ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి కూడా లేడు. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేసుకోకూడదని ఫిలిష్తీయులు ఆ ఏర్పాటు చేశారు. దాంతో నాగటి నక్కు మొద్దుబారినా, గొడ్డలి పదును పోయినా రైతు శత్రువు ఊరికే వెళ్లాల్సి వచ్చేది.

అందులోని 21వ వచనం చాలాకాలం పండితులకు చిక్కుముడిగా ఉండేది. అక్కడున్న 'పీము' అనే హెబ్రీ మాట బైబిల్‌లో మరెక్కడా లేదు. పాత ఇంగ్లీషు అనువాదకులు దానికి ఆకురాయి అని అర్థం చెప్పుకున్నారు. మన పాత తెలుగు బైబిల్‌లోనూ ఆకురాళ్లనే ఉంది. తర్వాత 20వ శతాబ్దంలో జరిగిన తవ్వకాల్లో 'పీము' అనే అక్షరాలు చెక్కిన చిన్న తూకపు రాళ్లు దొరికాయి. ఒక్కొక్కటి 7, 8 గ్రాముల మధ్య తూగింది. అంటే షెకెలులో మూడింట రెండు వంతులు. అప్పుడు తెలిసింది, ఆ వచనం చెబుతున్నది పదును పెట్టినందుకు ఫిలిష్తీయులు వసూలుచేసిన వెండి ధర అని! తన నాగలిని తాను సానపట్టుకోలేని రైతు తూకం వేసి వెండి ఇచ్చుకున్నాడు. చివరికి యుద్ధం వచ్చిన రోజున సౌలు, యోనాతానుల దగ్గర తప్ప సైన్యంలో ఎవరి దగ్గరా కత్తి గాని ఈటె గాని లేదు (13:22).

ఈనాడూ ఇలాంటి సమస్య లేకపోలేదు. కొన్ని ఫోన్లు విప్పడానికే వీలు లేకుండా అతికించి వస్తున్నాయి. విడిభాగాలు బయట దొరకవు. అమెరికాలో ట్రాక్టరు కొన్న రైతులే దాన్ని తామే బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. మన దేశంలో కూడా 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల రిపేరు సమాచారాన్ని కంపెనీలు అందులో ప్రజలకు అందుబాటులో ఉంచాలన్నది ఉద్దేశం. హక్కు వచ్చినా చేతకాకపోతే ప్రయోజనం తక్కువ. స్క్రూడ్రైవర్ పట్టడం రాని తరానికి ఫిలిష్తీయుల అవసరమే లేదు, తన కమ్మరిని తానే పోగొట్టుకుంటుంది.

నల్లా చుక్క, టైరులో ముల్లు

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు అంటారు. కారుతున్న నల్లా అందుకు సరైన ఉదాహరణ. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీరు వృథా అవుతుంది. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీల్లో ఇది చిన్న లెక్క కాదు. పాత రకం నల్లాలో తప్పు చాలాసార్లు లోపలి వాషరుదే. పైనున్న వాల్వు కట్టేసి, పానాతో తల విప్పి, అరిగిన వాషరు తీసి కొత్తది వేస్తే సరిపోతుంది. దాని ఖరీదు కొద్ది రూపాయలే. అయినా చాలామంది ఏం చేస్తారు? నల్లాను ఇంకా గట్టిగా బిగిస్తారు. రోజురోజుకూ బిగిస్తూ పోతే వాషరు మరింత నలిగి, చివరికి మరలు కూడా అరిగిపోతాయి. మాట వినని పిల్లల మీద కొందరు తల్లిదండ్రులు చేసేదీ ఇదే. లోపల ఏది అరిగిందో చూడరు, పైనుంచి బిగిస్తారు.

ఫ్యాను నెమ్మదించిందంటే మోటారు కాలిపోయిందని కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు అది కెపాసిటర్ బలహీనపడడం వల్లే. మనవాళ్లు దాన్నే కండెన్సర్ అంటారు. పెద్ద నష్టమనుకున్నది చిన్న లోపమని తేలడం రిపేరు చేసేవారికి తరచూ ఎదురయ్యే సంతోషం. కోపంగా మారిపోయిన భర్త, మౌనంగా మారిపోయిన భార్య విషయంలోనూ మొత్తం చెడిపోయిందని తీర్పు చెప్పే ముందు విప్పి చూడాలి. నిద్ర లేకపోవడమో, అప్పు బాధో, ఎవరికీ చెప్పుకోలేని భయమో కారణం కావచ్చు.

ఇక సైకిల్ పంక్చర్ సంగతి చూద్దాం. ట్యూబులో గాలి కొట్టి నీళ్లలో ముంచుతారు. బుడగలు వచ్చిన చోట గుర్తు పెడతారు. ఆ చోటును తుడిచి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్దుతారు. సొల్యూషన్ రాశాక వెంటనే ప్యాచ్ అంటించరు, కాసేపు ఆరనిస్తారు. తడిగా ఉన్నప్పుడే అంటిస్తే అది పట్టదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. అనుభవమున్నవాడు ట్యూబును తిరిగి ఎక్కించే ముందు మరో పని చేస్తాడు. ఒక గుడ్డతో టైరు లోపలంతా మెల్లగా తడుముతాడు. ఎందుకంటే ట్యూబును గుచ్చిన ముల్లు ఇంకా టైరులోనే ఉండి ఉండవచ్చు. దాన్ని తీయకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఆ చక్రం వీధి చివరి వరకు కూడా వెళ్లదు.

ఆస్తి దగ్గర విడిపోయిన అన్నదమ్ములను పెద్దలు కూర్చోబెట్టి చేతులు కలిపిస్తారు. ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు. నెల తిరగకుండానే మళ్లీ గొడవ! ప్యాచ్ మంచిదే, ముల్లు మాత్రం తీయలేదు. ఎప్పుడో పెళ్లిలో జరిగిన అవమానమో, తల్లి నగల పంపకంలో జరిగిన అన్యాయమో లోపలే ఉండిపోయింది. క్షమాపణ అంటే ముల్లు లేనట్టు నటించడం కాదు. దాన్ని వెదికి, తీసి, ఆ తర్వాత అతికించడం. రుద్దినప్పుడు గరుకుగా ఉంటుంది, ఆరడానికి సమయం పడుతుంది. అయినా వేరే దారి లేదు.

వలలు బాగుచేసేవారికి పిలుపు

ప్రభువు యాకోబు, యోహానులను పిలిచినప్పుడు వారు దోనెలో కూర్చుని తమ వలలు బాగుచేసుకుంటున్నారు (మార్కు 1:19). అక్కడ గ్రీకులో వాడిన క్రియ 'కతర్తిజో'. చెదిరినదాన్ని, తెగినదాన్ని తిరిగి పనికొచ్చేలా సరిచేయడమని దాని అర్థం. విరిగిన ఎముకను సరిగా కూర్చడానికి కూడా ఆ కాలపు వైద్యులు ఆ మాటను వాడేవారు. గలతీయులకు రాసిన పత్రికలో పౌలు అదే మాటను మనుషుల విషయంలో వాడాడు. ఎవరైనా ఒక తప్పులో చిక్కుకుంటే ఆత్మసంబంధులైనవారు సాత్వికంతో అతణ్ణి సరిచేయాలని, తాము కూడా శోధనలో పడకుండా చూసుకోవాలని రాశాడు (6:1). సంఘంలో కాపరులు, బోధకులు ఎందుకున్నారో చెప్పిన ఎఫెసీ పత్రిక 4:12లో ఉన్నదీ ఆ కుటుంబానికి చెందిన మాటే.

ఒక పోగు తెగిందని జాలరి వలను సముద్రంలో పారేయడు. అలాగని చిరిగిన వలతోనే వేటకూ వెళ్లడు. ఒడ్డున కూర్చుని, ఒక్కో కన్నూ చూసుకుంటూ ముడి వేస్తాడు. తప్పుచేసిన యువకుణ్ణి అందరి ముందు నిలబెట్టి సంఘం నుంచి పంపేయడం తేలిక. ఏమీ జరగనట్టు ఊరుకోవడం ఇంకా తేలిక. అతని పక్కన కూర్చుని ముడి వెనుక ముడి వేయడమే కష్టం. అక్కడే సాత్వికం కావాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అన్నీ సొంతంగా బాగుచేయాలని పూనుకోకూడదు. కరెంటు పని చేసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ ఆపి టెస్టరుతో చూసుకోవాలి. ఫ్యాను కెపాసిటర్‌లో కరెంటు ఆపాక కూడా కొంత నిలిచి ఉండవచ్చు, కాబట్టి తెలియనివారు దాన్ని ముట్టుకోకూడదు. గ్యాస్ లీకైతే సిలిండర్ వాల్వు కట్టి, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టకుండా ఏజెన్సీ మనిషిని పిలవాలి. ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ వాల్వు కరిగిపోతే సరైన కంపెనీ వాల్వే వేయాలి, మరో దానితో రంధ్రం మూయకూడదు. బండి బ్రేకుల విషయంలో ప్రయోగాలు వద్దు. మనుషుల విషయంలోనూ అంతే. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారిని ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న సోదరికి సర్దుకుపొమ్మని చెప్పడం రిపేరు కాదు, అది సేఫ్టీ వాల్వును మూసేయడమే. ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు చూడాలి, చట్టం సాయం తీసుకోవాలి. మిగతావి ఆ తర్వాత.

సొంతంగా పనిచేసుకోవడం వల్ల మరో మేలు ఉంది. ఒక నట్టు విప్పడానికి అరగంట కుస్తీ పట్టినవాడికి మెకానిక్ చెమట విలువ తెలుస్తుంది. హోటల్లో బిల్లు చూడకుండా కట్టేవాళ్లం, చెప్పులు కుట్టే పెద్దాయనతో పది రూపాయల కోసం బేరమాడడం ఏం న్యాయం? కూలీల జీతం బిగబట్టేవారిని యాకోబు పత్రిక గట్టిగా హెచ్చరిస్తోంది (5:4). మన రక్షకుడు కూడా చేతిపని చేసి బతికినవాడే. నజరేతువారు ఆయన్ను వడ్లవాడిగానే ఎరుగుదురు (మార్కు 6:3). ఆయన నాగళ్లు, కాడులు చేసేవాడని రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. అలాంటి వడ్రంగి దగ్గరికి విరిగినవి కూడా వచ్చే ఉంటాయి.

నెలకో శనివారం

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్త్మా అనే జర్నలిస్టు 'రిపేర్ కేఫ్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పాడైన వస్తువు పట్టుకుని జనం వస్తారు. పని తెలిసిన వలంటీర్లు ఉచితంగా వారితో కలిసి దాన్ని బాగుచేస్తారు. ఈ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. మన సంఘాలకు ఇది ఎంత సులభం! ఆవరణ ఉంది, బల్లలున్నాయి, రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, టైలర్లు ఉన్నారు. ఆరాధనలో కానుకల పళ్లెం పట్టుకోవడం తప్ప మరే పనీ మనం అప్పగించని ఆ చేతుల్లో నలభై ఏళ్ల నైపుణ్యముంది. మరోవైపు పిల్లలు దూరదేశాల్లో ఉండి, ఒంటరిగా ఉంటున్న విధవరాళ్లున్నారు. ఫ్యూజు పోతే ఎవరిని పిలవాలో తెలియక చీకట్లో కూర్చునేవారు, తలుపు గడియ ఊడిపోయి రాత్రి నిద్రపట్టనివారు మన మధ్య ఉన్నారు.

నెలకో శనివారం ఉదయం ఈ ఇద్దరినీ కలపగలిగితే చాలు. పక్కన యౌవనస్థులను, ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టాలి. షల్లూము కుమార్తెలు గోడ కట్టగా లేనిది, మన అమ్మాయిలు ప్లగ్గు బిగించలేరా? మిక్సీ కప్లర్ మార్చడం, కుర్చీ కాలు బిగించడం, గుండీ కుట్టడం నేర్చుకుంటూ వారు ఒక పెద్దాయన జీవిత సాక్ష్యం కూడా వింటారు. ప్రసంగ వేదిక మీద దొరకని చనువు పనిబల్ల దగ్గర దొరుకుతుంది.

ప్రియులారా, ఈ వారం మీ ఇంట్లో ఒకసారి తిరిగి చూడండి. నెలల తరబడి 'తర్వాత చూద్దాం' అనుకున్నదాన్ని ఒక్కదాన్ని ఎంచుకుని బాగుచేయండి. అలాగే మాటలు ఆగిపోయిన ఒక్క మనిషిని గుర్తుచేసుకోండి. ఊరంతటి గోడ మనం కట్టలేం, మన గదికి ఎదురుగా ఉన్న ముక్క మాత్రం మనదే. కొంతకాలం శ్రమపడిన తన పిల్లలను దేవుడు తానే సరిచేసి, స్థిరపరచి, బలపరుస్తాడని పేతురు రాశాడు (1 పేతురు 5:10). అక్కడ కూడా ఉన్నది వలలు బాగుచేసిన ఆ మాటే. మనలోని బీటలు చూసి మనల్ని పారేయని దేవుడు, బాగుచేసే చేతులను మనకూ అనుగ్రహించును గాక. ఆమెన్.